రెబ్కా సిస్టర్ మసిగుడ్డలు

ఢిల్లీలో తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా, వంటగదిలో స్టవ్ పక్కన మేకుకి ఒక మసిగుడ్డ వేలాడుతుంటుంది. అరచేతికన్నా కాస్త పెద్దగా, నలుచదరంగా, ఒక మూల వేలు పట్టేంత ఉచ్చుతో ఉంటుంది. పైపొర నిండా జాకెట్టు గుడ్డల ముక్కలే. ఒకరు పెళ్ళికి కుట్టించుకున్న చిలకాకుపచ్చ, ఇంకొకరి క్రిస్మస్ ఎరుపు, ఎవరిదో తెలియని నేరేడుపండు రంగు. వచ్చిన చుట్టాలు "బాగుందే, ఎక్కడ కొన్నారు?" అని అడిగితే ఆ ఇంటావిడ కాస్త గొప్పగా, "కొన్నది కాదు, రెబ్కా సిస్టర్ ఇచ్చింది" అంటుంది.

నిజమే, ఆవిడ అమ్మదు. కొత్త కాపురం పెట్టినవాళ్ళకి, ఊరినుంచి కొత్తగా నర్సు ఉద్యోగానికి దిగిన పిల్లలకి, పురుడు పోసుకుని వచ్చిన వాళ్ళకి, వందనాలు చెప్పి చేతిసంచిలోంచి ఒకటి తీసి చేతిలో పెడుతుంది. ఏటా కోతపండుగకి మాత్రం ఒక కట్ట చర్చికి ఇస్తుంది. ఆ రోజు గుమ్మడికాయలూ, కోళ్ళూ, ఇంట్లో చేసిన అరిసెలూ వేలం వేస్తారు కదా, వాటితోబాటు ఇవీ పాడుకుంటారు. అమ్ముడుపోయేది ఒక్క అప్పుడే. అదీ దేవుడి పేరున.

గ్యాసు స్టవ్‌లు వచ్చాక గిన్నెలకు మసి ఎక్కడుంది? అయినా పేరు మసిగుడ్డే. రెబ్కా పుట్టింది రేపల్లె దగ్గర. వాళ్ళమ్మ పుల్లల పొయ్యి మీద అన్నం వండి, కుండని రెండువైపులా గుడ్డతో పట్టుకుని, వంచి గంజి వార్చేది. గంజి పూర్తిగా జారేదాకా కుండని అలాగే పట్టుకుని ఉండాలి. ఆ సేపంతా ఆవిడ పరలోక ప్రార్థన పైకి చెప్పేది. ఆమెన్ అనేసరికి గంజి ఆగిపోయేది. గుడ్డ మంచిదైతే ఆమెన్ దాకా చెయ్యి ఓర్చుకుంటుంది. పలచబడిందయితే నడుమనే చురుక్కుమంటుంది. అప్పుడావిడ ప్రార్థన ఆపకుండానే "ఇంకో మడత తేవే" అని కూతురికి సైగ చేసేది.

రెబ్కా మసిగుడ్డలకి పరీక్ష అదే. కుట్టిన ప్రతిదాన్నీ, ఇనప పెనం బాగా కాలాక, దాని అంచు పట్టుకుని ప్రార్థన మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటుంది. ఆమెన్ దాకా చేతికి వేడి తగలకపోతే సంచిలోకి వెళ్తుంది. తగిలిందా, మళ్ళీ విప్పి, లోపల ఇంకో పొర వేసి కుడుతుంది. పరీక్ష చెయ్యనిది గుమ్మం దాటదని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆవిడ చేతిని అలా నమ్మడానికి ఇంకో కారణం ఉంది. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో జీవితమంతా నర్సుగా చేసి రిటైరయింది. నరం దొరకని ముసలివాళ్ళకీ, ఏడ్చి ఎగిరిపడే పిల్లలకీ కూడా సూది వేస్తే తెలిసేది కాదంటారు. రిటైరయినా ఆ పని పోలేదు. మయూర్ విహార్‌లో వాళ్ళ ఫ్లాటుకి సాయంత్రమయ్యేసరికి ఫోన్లు వచ్చేవి. "సిస్టర్, మా అత్తగారికి ఇంజెక్షన్ ఉంది, వస్తారా? మీ చెయ్యి అయితేనే వేయించుకుంటానంటోంది." ఆవిడ చెప్పులు వేసుకుని బయలుదేరేది. భర్త బాబూరావు గారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పేపరు మడిచి, "నాకేమో పెన్షనిచ్చి పొమ్మన్నారు. నిన్ను మాత్రం ఎవరూ వదలరు" అనేవారు. ఆ మాటలో ఉక్రోషం ఎంతో, గర్వం ఎంతో ఆయనకే తెలియదు.

ఒక ఏడు జరిగిన సంగతి ఇది. మసిగుడ్డకి పైపొర ఎలా ఉన్నా, లోపలి పొరలు నూలువి కావాలి. పాత నూలు చీరలు, నలిగిన తువ్వాళ్ళు, బాబూరావు గారి పాత పంచెలు అందులోకే వెళ్ళేవి. ఇప్పుడు నూలు చీర కట్టేదెవరు? ఆవిడ దగ్గరున్నవన్నీ అయిపోయాయి. మార్కెట్లో జాకెట్లు కుట్టే మాస్టర్‌జీ ఎప్పటిలాగే ముక్కల సంచీ ఇస్తూ, దాంతోబాటు తెల్లగా, మెత్తగా, పొంగుగా ఉన్న చుట్ట ఒకటి కూడా చేతిలో పెట్టాడు. చలికాలం కోట్లలో వేసే సరుకట.

"లే జాయియే సిస్టర్‌జీ, బిల్‌కుల్ రుయీ జైసా హై," అన్నాడు.

దూదిలా ఉన్న మాట నిజమే, కానీ దూది కాదని వేళ్ళతో నలిపితే అనుమానం వచ్చింది. సరే, పరీక్ష ఉంది కదా అనుకుంది. ఒకటి కుట్టి పెనం అంచు పట్టుకుంది. ఆమెన్ దాకా వేడే తగల్లేదు. ఇంకోటి కుట్టింది. అదీ అంతే. నూలుకన్నా ఇదే నయంలా ఉందే అనుకుని, ఆ వేసవంతా దాంతోనే కుట్టి అందరికీ పంచింది.

వర్షాలు తగ్గాక వచ్చిన సంస్కారపు ఆదివారం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. తెలుగు ఆరాధన మధ్యాహ్నం పూట, హిందీ వాళ్ళదీ ఇంగ్లీషు వాళ్ళదీ అయిపోయాక జరుగుతుంది. వరుసలో రెబ్కాకి ముందు అనుగ్రహ అనే పిల్ల నిలబడింది. ఒంగోలు పిల్ల. ముఖర్జీ నగర్‌లో పేయింగ్ గెస్టుగా గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. పాస్టరు అయ్యగారు రొట్టె ముక్క ఇవ్వబోతే ఆ పిల్ల ఎడమచెయ్యి చాపింది. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా అందులోనే పెట్టారు. వెనక ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు. రెబ్కా మాత్రం ఆ పిల్ల కుడిచేతి వైపు చూసింది. గుప్పిట సగం మూసి, చున్నీ కింద దాచుకుని ఉంది.

ఆరాధన అయ్యాక టీ దగ్గర ఆ చెయ్యి పట్టుకుంది. "ఏదీ, విప్పు."

"ఏం లేదాంటీ."

"ఏం లేకపోతే విప్పడానికేం?"

అనుగ్రహ విప్పింది. నాలుగు వేళ్ళ మొదళ్ళకి అడ్డంగా, బొటనవేలి కింద మెత్తటి చోట, కొత్త చర్మం గులాబిరంగులో మెరుస్తోంది. బొబ్బలెక్కి, చితికి, మానుతున్న గాయం.

"హెయిర్ స్ట్రెయిట్‌నర్ తగిలిందాంటీ."

"దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఊరేగావా ఏంటి? ఇది గిన్నె పట్టుకున్న చెయ్యి. నా దగ్గరా నీ అబద్ధాలు?" అని నవ్వింది రెబ్కా. "నేనిచ్చిన మసిగుడ్డ ఏం చేశావు? ట్రంకు పెట్టెలో దాచుకున్నావా?"

పిల్ల టీ కప్పులోకి చూసింది.

"నిన్నే. వాడలేదా?"

"వాడానాంటీ."

రెబ్కాకి నవ్వు ఆగిపోయింది.

"పప్పు గిన్నె దించుతున్నా. మా రూమ్మేట్ కిందే చాప వేసుకుని చదువుకుంటోంది. సగం దూరం వచ్చాక మండింది. వదిలేస్తే దాని మీద పడుద్ది. అందుకని అలాగే తీసుకెళ్ళి పెట్టాను," అని, ఆవిడ మొహం చూసి గబగబా, "నేనే సరిగ్గా పట్టుకోలేదేమోలే ఆంటీ. మీకు చెప్పొద్దనుకున్నా" అంది.

గుడ్డ లేకపోతే ఆ పిల్ల ఆ గిన్నెని అలా ఎత్తేదే కాదు. చున్నీ కొస నాలుగు మడతలు పెట్టుకునేది, లేదా చల్లారేదాకా ఆగేది. చేతిలో రెబ్కా సిస్టర్ గుడ్డ ఉందన్న ధైర్యంతో ఎత్తింది. మెట్రోలో ఇంటికి వస్తున్నంతసేపూ రెబ్కా మనసులో ఇదే తిరిగింది.

ఇంటికి రాగానే చీరైనా మార్చుకోకుండా స్టవ్ వెలిగించి పెనం పెట్టింది. సంచిలో మిగిలినవాటిలో ఒకటి తీసి, అంచు పట్టుకుని, ప్రార్థన మొదలుపెట్టింది. ఆమెన్ అంది. ఏమీ తగల్లేదు. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ ఆమెన్.

"ఏవండీ, ఇలా రండి ఓసారి."

"వంటింట్లోకా? నేనా?" అంటూ బాబూరావు గారు వచ్చారు.

"ఈ గుడ్డతో ఇది పట్టుకోండి. పట్టుకుని పరలోక ప్రార్థన చెప్పండి."

"చర్చిలో చెప్పింది చాల్లేదా?" అంటూనే పట్టుకున్నారు. 'పరలోకమందున్న మా తండ్రీ' అని రెండో మాటకి వచ్చారో లేదో, "ఓరి నాయనో!" అని గుడ్డా పెనం వదిలేసి చెయ్యి విదిలించారు. "చంపుతావా ఏంటే? నిప్పు పట్టుకోమంటావా?"

రెబ్కా స్టవ్ ఆపింది. కుళాయి కింద ఆయన చెయ్యి పెట్టి, తన వేళ్ళు చూసుకుంది. కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి. కమిలినట్టు కంటికి కనపడుతోంది గానీ, నొప్పి ఏదీ?

హాల్లోకి వచ్చి కూర్చుని, కుట్టు డబ్బాలోంచి గుండుసూది తీసి ఆయన చేతికిచ్చింది. "నేను కళ్ళు మూసుకుంటా. నా వేళ్ళ మీద ఎక్కడో ఒకచోట గుచ్చండి. ఏ వేలో నేను చెప్తా."

ఆయన భయపడుతూ గుచ్చారు. ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది.

"గుచ్చండి మరి."

"గుచ్చాను రెబ్కా. మూడుసార్లు గుచ్చాను."

షుగరు ఆవిడకి చాలా ఏళ్ళుగా ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గిన సంగతి తెలుసు. రోజూ స్నానమయ్యాక అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకుంటుంది. అదీ రోగులకి చెప్పీ చెప్పీ అలవాటైన పనే. కానీ చేతుల దాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సూది గుచ్చుకుని గుడ్డ మీద రక్తపు చుక్క కనిపించినప్పుడల్లా, కుట్టి కుట్టి వేళ్ళు కాయలు కాశాయని మురిసిపోయింది. తను టీ ఇస్తే ఇంటికొచ్చినవాళ్ళు గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంటే, ఈ కాలం వాళ్ళకి ఓర్పు లేదనుకుంది. మిగతా నర్సులకి పాఠాలు చెప్పిన మనిషి తన చేతుల సంగతి తాను చూసుకోలేదు. పరీక్ష చేసేది ఆ చేతులే కాబట్టి, వాటినే పరీక్ష చెయ్యాలన్న ఆలోచన రాలేదు.

"అన్నీ వెనక్కి తెచ్చెయ్యాలండీ," అంది.

"తెచ్చెయ్. కానీ ఎందుకో చెప్పకు." బాబూరావు గారు చేతికి వెన్న రాసుకోబోతే ఆవిడ డబ్బా లాక్కుని మూత పెట్టింది. ఆయన చన్నీళ్ళ గిన్నెలో చెయ్యి ముంచి కొనసాగించారు. "అంచు ఊడుతోంది, కొత్త అంచు వేసిస్తానను. స్పర్శ లేదని చెప్పావనుకో, రేపట్నుంచి నీ చేత సూది వేయించుకునేదెవరు? నిన్ను చూస్తే చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఆలోచించుకో."

ఆలోచించుకుంది. ఆయన తప్పు చెప్పలేదు. సాయంత్రం ఫోను మోగకపోతే తను ఏ మనిషి? షుగరున్న ఒక ముసలమ్మ, అంతే. అంచు మాటే చెప్దామనుకుంది.

మొదట నోయిడా వెళ్ళింది. ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో పాతికేళ్ళ కిందట పక్కింట్లో ఉన్న వీణ ఇప్పుడు అక్కడ పదకొండో అంతస్తులో ఉంటోంది. చర్చి మనిషి కాదు, వాళ్ళది విజయవాడ. పండగలకి వీణ పులిహోరా పాయసం పంపేది, క్రిస్మస్‌కి రెబ్కా కేకు పట్టుకెళ్ళేది. తలుపు తియ్యగానే ఎదురుగా గోడ మీద మసిగుడ్డ, అద్దం వేసిన ఫ్రేములో.

"ఇదేంటి వీణా? వంటింట్లో పెట్టుకోలేదా?"

"అయ్యో, పాడైపోదూ? మా అమ్మాయి నేహాకి తెగ నచ్చింది. అదే ఫ్రేమ్ కట్టించింది."

లోపల్నించి నేహా తల బయటపెట్టి, "ఇత్నా సుందర్ హై ఆంటీ, కిచెన్‌మే కౌన్ రఖేగా?" అని, వంటింట్లో ఎవరు పెడతారన్నట్టు నవ్వి, మళ్ళీ ల్యాప్‌టాప్ ముందుకి వెళ్ళిపోయింది.

రెబ్కాకి ప్రాణం లేచొచ్చింది. గోడ మీదున్నది ఎవరి చెయ్యీ కాల్చదు. ఆ వెనకే మనసులో ఎక్కడో చివుక్కుమంది. ఇన్ని మసిగుడ్డలు కుట్టింది, చూసుకోవడానికా? అంచు మాట ఎత్తకుండానే కాఫీ తాగి లేచింది.

తిరుగు మెట్రోలో కూర్చుని అనుకుంది. ముచ్చటపడినవాళ్ళు గోడకి పెట్టుకున్నారు. నమ్మినవాళ్ళు పొయ్యి దగ్గర పెట్టుకున్నారు. కాలేది నమ్మినవాళ్ళకే.

మరునాడు ఇంకొన్ని ఇళ్ళు తిరిగింది. కొందరు మంచిమాటగా ఇచ్చేశారు. ఒకావిడ "అంచు బానే ఉంది కదా సిస్టర్, ఇంత చిన్నదానికి మీరెందుకు శ్రమపడటం" అని ఇవ్వనే లేదు. ఆ వంటగదిలోంచి రెబ్కా ఖాళీ చేతుల్తో వచ్చింది. మేకుకి ఉన్నది మేకుకే ఉండిపోయింది. ఈరోజో రేపో ఆవిడ పాలగిన్నె దించుతుంది.

సువార్తమ్మ గారింటికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. స్త్రీల సమాజానికి ఆవిడే అధ్యక్షురాలు. మనసు మంచిదే గాని, ఏ మాటైనా ఆవిడ చెవిన పడితే ఆదివారంకల్లా బల్లల చివరి వరసదాకా పాకుతుంది. ఆవిడ భర్తకి వారానికోసారి బలానికి సూది. అది ఎప్పుడూ రెబ్కాయే వేస్తుంది.

"రండి సిస్టర్, వందనాలు. మీకోసమే చూస్తున్నారాయన," అంటూనే సంచీ వైపు చూసింది. "మసిగుడ్డలు వెనక్కి తీసుకుంటున్నారంట? పొద్దున వాళ్ళింటికీ వెళ్ళారట కదా, చంద్రలీల ఫోన్ చేసింది."

"కొత్త అంచు వేద్దామని."

"అంచా! నాది ఉక్కులా ఉంది. ఇచ్చింది మళ్ళీ అడగడమేంటండీ, చోద్యం కాకపోతే? కోతపండక్కి ఈసారి సరుకు తక్కువైందా ఏంటి, మావే తీసుకుపోయి మాకే వేలం వేస్తారా?" అని పకపకా నవ్వింది. "ఊరికే అన్నాలెండి. ముందు సూది కానివ్వండి."

ఆయన మంచం మీద కూర్చుని అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి ఉన్నారు. "సిస్టర్ చెయ్యి పడితే చీమ కుట్టినట్టు కూడా ఉండదమ్మా," అన్నారు ఎప్పటిలాగే.

రెబ్కా చేతులు కడుక్కుంది. మందు బుడ్డి మెడ విరిచి, సిరంజిలోకి లాగి, గాలిబుడగ తీసేసింది. కళ్ళు ఆ పనులన్నీ చూసి చేయించాయి. దూదితో తుడిచి, ఎడమచేతి బొటనవేలితో, చూపుడువేలితో ఆయన భుజం కండని పట్టుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. వేళ్ళ మధ్య ఉన్నది ఆయన చర్మమో, మడిచిన చొక్కా గుడ్డో ఆవిడకి తెలియలేదు.

కళ్ళు తెరిస్తే అంతా మామూలే. చూసి వెయ్యొచ్చు. ఇన్ని నెలలూ అలాగే వేసింది. ఈ ఒక్కటీ వేసినా ఎవరికీ తెలియదు. రెబ్కా సూదికి మూత పెట్టి, సిరంజి పళ్ళెంలో ఉంచింది.

"ఇది నేను వెయ్యనండి."

"ఏమైంది సిస్టర్? మందు మారిందా?" సువార్తమ్మ ముందుకు వచ్చింది.

"మందు సరైందే. నా చేతులే సరిగ్గా లేవు. వేళ్ళకి స్పర్శ పోయింది సువార్తమ్మ గారూ. షుగరు. నాకే మొన్న ఆదివారం తెలిసింది."

 పెద్దాయన మెల్లిగా చొక్కా చెయ్యి కిందకి దించుకున్నారు.

"అయితే... మొన్నటిదాకా వేసినవి?" అంది సువార్తమ్మ.

అడిగే మాటే. అడుగుతుందని తెలిసే చెప్పింది. "అలవాటు మీద వేశాను. కంటితో చూసి వేశాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఇక మీదట వెయ్యను." సిరంజి వైపే చూస్తూ, "అంచు మాట కూడా అబద్ధం. లోపల వేసింది నూలు కాదు. వేడికి అణిగిపోయి చెయ్యి కాలుతోంది. నా చేతికి తెలియక, బాగున్నాయనుకుని పంచాను. అనుగ్రహ చెయ్యి కాలింది నా గుడ్డ వల్లే" అంది.

సువార్తమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందేమో అనుకుంది రెబ్కా. మసిగుడ్డ పట్టుకుని వచ్చి పక్కనే కూలబడింది.

"నాకూ చురుక్కుమనేది సిస్టర్. వేసవినుంచీ. రెండు మడతలు పెట్టి వాడుతున్నా." గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. మధ్యలో పొర అప్పడంలా గట్టిపడి ఉంది. "మీరు పరీక్ష చెయ్యందే ఇవ్వరు గదా. పెద్దదాన్నయ్యాను, నా చెయ్యే మెత్తబడిపోయిందనుకున్నా."

ఆ మాటకి రెబ్కాకి ఏడుపొచ్చింది. ఇన్ని ఇళ్ళల్లో ఇంతమంది, గుడ్డని అనుమానించడం మానేసి ఎవరి చేతిని వాళ్ళు అనుమానించుకున్నారు.

"అన్ని చోట్లా మీరే చెప్పండి," అంది రెబ్కా లేస్తూ. "నేను తిరిగితే అందరూ ఇవ్వట్లేదు. మీరు చెప్తే రేపటికల్లా తెలుస్తుంది."

"నేనేదో టముకు వేస్తానన్నట్టు," అని మూతి తిప్పింది గాని, రెబ్కా లిఫ్టు దగ్గరకి చేరేలోపే లోపల ఫోన్లో సువార్తమ్మ గొంతు వినిపించింది.

ఆ ఆదివారం ఎవరి సంచిలోంచి వాళ్ళు మసిగుడ్డలు తీసి రెబ్కా ఒళ్ళో పెట్టారు. ఒకరిద్దరు దగ్గరగా వచ్చి చెయ్యి పట్టుకుని నొక్కారు. ఎంత గట్టిగా నొక్కారో ఆవిడకి తెలియలేదు. మొహాలు చూసి అర్థం చేసుకుంది. ఇంకొందరు దూరంనుంచే తల ఊపి వెళ్ళిపోయారు. బాబూరావు గారు చెప్పినట్టే సాయంత్రాలు ఫోను మోగడం మానేసింది. నోయిడాలో పనిచేసే ఒక కుర్ర నర్సుని పిలుచుకుంటున్నారని తెలిసింది. మొదటి వారం అలవాటు చొప్పున ఆ వేళకి చెప్పుల వైపు చూసుకుంది. తర్వాత కుట్టుమిషను ముందు కూర్చుని అన్నిటినీ విప్పడం మొదలుపెట్టింది. కుట్లు కోసి, ఆ తెల్లటి పొరంతా లాగి పారేసింది. జాకెట్టు ముక్కలు మళ్ళీ ముక్కలయ్యాయి.

"లోపలికి ఏం వేస్తావు?" అన్నారు బాబూరావు గారు.

ఆవిడ ఆయన కట్టుకున్న లుంగీ వైపు చూసింది.

"ఒద్దు. ఇది ఒక్కటే మిగిలింది నాకు నూలుది."

"కొత్తది కొనిస్తాలెండి."

"కొత్తది కావాలని ఎవరడిగారు? పాతది మెత్తగా ఉంటుంది," అని గొణుక్కుంటూ లోపలికి పోయి, ఇంకోటి కట్టుకుని వచ్చి, మడతపెట్టిన లుంగీ మిషను మీద పెట్టారు. పెట్టి, అక్కడే నిలబడి, "పరీక్షకి నేను పట్టుకుంటాలే. ఒక చెయ్యి కాలనే కాలింది," అన్నారు.

"వద్దు. నా పనికి ఇంకొకరి చెయ్యి కాలకూడదు."

ఆసుపత్రిలో షుగరు రోగులకి ఆవిడ ఏళ్ళ తరబడి ఒకటే చెప్పేది. స్నానానికి నీళ్ళు చేత్తోనో కాలితోనో చూసుకోకండి, మోచేతి లోపలివైపు ముంచి చూసుకోండి, అక్కడ చర్మం అబద్ధం చెప్పదు. అది తనకి కూడా చెప్పిన మాటేనని ఇన్నాళ్ళూ తట్టలేదు. కొత్తగా కుట్టిన మొదటి మసిగుడ్డని కాలిన పెనం అంచుకి కప్పి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, మోచేతి లోపలివైపు దాని మీద ఆనించింది. స్టవ్ ముందు ఒంగి, పక్కకి తిరిగి, అదొక విడ్డూరమైన భంగిమ. ప్రార్థన మొదలుపెట్టింది. సగంలోనే వేడి తగిలింది. ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. ఎంతో కాలం తర్వాత వేడి తగిలినందుకు, నిలబడే కాసేపు నవ్వుకుంది. గుడ్డ విప్పి ఇంకో పొర వేసింది.

కోతపండుగ రోజు వేలం బల్ల మీద గుమ్మడికాయల పక్కన మసిగుడ్డల కట్ట చిన్నదే ఉంది. ముందెప్పటిలా జనం ఎగబడలేదు. చూసి, వేళ్ళతో తడిమి, పక్కనున్న అరిసెల వైపు జరిగారు. సువార్తమ్మ వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, అందరికీ వినపడేలా అడిగింది.

"పరీక్ష చేశారా సిస్టర్?"

 ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న రెబ్కాని అడిగినవాళ్ళు లేరు. ఒకప్పుడయితే మొహం మాడ్చుకునేదే. ఇప్పుడు చీర కొంగు తీసి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి, మోచేతి మడత దగ్గర అక్కడక్కడా ఎర్రగా కందిన చర్మం చూపించింది.

"చేశాను. కానీ నా మాట మీద తీసుకెళ్ళకండి. మీరూ చూసుకోండి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు అనుగ్రహ ముందుకొచ్చింది. కట్టలోంచి నేరేడుపండు రంగు ముక్కలున్నది తీసింది. పక్క బల్ల మీద టీ ఉన్న పెద్ద స్టీలు క్యాను పొగలు కక్కుతోంది. గుడ్డ అడ్డం పెట్టుకుని దాని చెవి పట్టుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. మొహమాటపడి ఓర్చుకునే పిల్ల అది, ఒకసారి ఓర్చుకుంది కూడా. అందుకే రెబ్కా గుడ్డ వైపు చూడలేదు. ఆ పిల్ల కనుబొమ్మల వైపు, పెదవి చివర వైపు చూస్తూ నిలబడింది, ఆసుపత్రిలో నొప్పి లేదని చెప్పే రోగుల మొహాలు చూసినట్టు.

అనుగ్రహ పెదవులు ఆగాయి. మొహంలో ఏ కండరమూ ముడిపడలేదు. క్యాను ఎత్తి, తొణక్కుండా వంచి, ముందున్న కప్పులో టీ పోసి సువార్తమ్మకి అందించింది.

"ఇది నేను పాడుకుంటున్నానాంటీ," అంది.